ఊరి ఆటస్థలమును ఎట్లు తీర్చవలయును?



ఊరిలో చెరువున్నదా, బడియున్నదా, వైద్యశాల యున్నదా యని విచారించువారు పెక్కురు కలరు. పిల్లలు ఆడుకొనుటకును, ముదుసలులు కూర్చుండుటకును తగిన చోటున్నదా యని యడుగువారు అరుదు. ఎవరైన అడిగినను, "బయలు కావలసినంత యున్నది గదా" యని ప్రత్యుత్తరము వచ్చును. ఆ బయలు ఏటేట ఎట్లు తరిగిపోవుచున్నదో మా యెర్రగుంట్లవంటి యూళ్లలో నుండువారికి తెలియును. నాపరాతి గనులు, బండలను కోసి నునుపుచేయు కార్ఖానాలు, సిమెంటు కార్ఖానాలు, రైలుదారులు, వీని నడుమ రేయింబవళ్లు తిరుగు లారీలు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో విద్యార్థులు చెడుగుడాడిన బయళ్లలో నేడు బండల దొంతరలు నిలిచియున్నవి. ఇది నింద కాదు. ఆ బండలే యెన్నో కుటుంబములకు కూడు పెట్టుచున్నవి. అయితే చోటు తరిగినకొలది మిగిలిన చోటును గూర్చి మరింత జాగ్రత్తగా ఆలోచింపవలసి వచ్చినది. ఆ యాలోచన ఎవరితో కూడి చేయవలయును, ఎట్లు చేయవలయును అనునదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా నా యనుభవమును చెప్పెదను. అందలి దోషము నాదే కావున చెప్పుటకు సంకోచము లేదు.

మా వాడలో ఇంటిస్థలములు విభజించినప్పుడు ఒక మూల కొంత నేల అందరికొరకు విడువబడెను. లేఅవుటు వేయువారు మొత్తము నేలలో నూటికి పదివంతులు బయలుగా విడువవలయునను నిబంధన కలదు. దానివలన మిగిలిన నేల యది. ఏండ్ల తరబడి కంపచెట్లతో నిండియుండెను. అయినను సాయంకాలమగునప్పటికి పిల్లలు ఆ కంపల నడుమనే చోటు చేసికొని ఆడుచుండిరి. పింఛను పుచ్చుకొనువారము అయిదుగురము కూడి దీనిని ఉద్యానముగా తీర్పవలయునని సంకల్పించితిమి. చందాలు పోగుచేసితిమి. పటము నేనే గీచితిని. నడుమ పచ్చిక, చుట్టును నాపరాళ్లు పరచిన నడకదారి, నాలుగు మూలల నాలుగు రాతియరుగులు, ఇనుపకంచె, ద్వారమునకు బీగము. ద్వారము ప్రక్కన నల్లబండపై "ఇచ్చట ఆటలాడరాదు, పచ్చికపై నడువరాదు, పూవులు కోయరాదు" అని చెక్కించితిమి. వ్యాకరణదోషము లేకుండ ఆ మూడు వాక్యములను కూర్చినవాడను నేనే. చదివినవారు మెచ్చుకొనిరి కూడ.

మొదటి వేసవిలోనే పచ్చిక మాడిపోయెను. మేము పటము గీచినది మాఘమాసపు ఉదయమున. కడపసీమ యెండలో, వైశాఖ జ్యేష్ఠములలో, నల్లని నాపరాయి ఎట్లు కాలునో మీకు నేను చెప్పనక్కరలేదు. పగటి వేడిని దాచుకొని ప్రొద్దుగ్రుంకిన పిదప కూడ వెళ్లగ్రక్కుచుండును. దానిపై కూర్చుండుట యొక శిక్ష. నడచుటకు వచ్చువారము మేమే నలుగురైదుగురము. పిల్లలు ఎక్కడికి పోయిరో మాకు తెలియలేదు. నిజము చెప్పవలయునన్న, తెలిసికొనవలయునని తోచలేదు. వారు లారీలు తిరుగు బాటకు పోయిరి. ఒక సాయంకాలము బంతి వెంట పరుగెత్తిన బాలునకు లారీ తగిలి కాలు విరిగెను. దైవవశమున ప్రాణము దక్కినది. నేను చూడబోయితిని. వాని యవ్వ నన్ను తిట్టలేదు. "అయ్యవారూ, ముందర ఆ కంపల్లోనే ఆడుకుంటాండ్రి గదా, దాన్ని ఎందుకు మూసేస్తిరి?" అని మాత్రము అడిగెను. ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు.

ఆ రాత్రి నాకు పోరుమామిళ్ల శాసనము జ్ఞప్తికి వచ్చెను. పోరుమామిళ్ల మన కడప జిల్లాలోనిదే. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు, భవదూరుడని నామాంతరము కలవాడు, క్రీ.శ. 1369 లో అచ్చట చెరువు కట్టించి సంస్కృతమున శాసనము వేయించెను. దినమునకు వేయిమంది పనివారును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును, రెండేండ్లు పనిచేసినట్లు అందున్నది. అంతకంటె ముఖ్యమైన మాట వేరొకటి యున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు కావలయుననియు, ఆరు దోషములు ఉండరాదనియు ఆ శాసనము వరుసగా చెప్పుచున్నది. సప్తసంతానములలో తటాకముతోపాటు వనమును చేరినదే గదా. తరగతిలో సప్తసంతానములను చెప్పునప్పుడెల్ల ఈ శాసనమును ఉదాహరించినవాడను. పటము గీచునాడు మాత్రము తలచుకొనలేదు.

ఆ యారు దోషములలో మూడింటిని వినుడు. నేల ఉప్పునేల యగుట యొకటి. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట యొకటి. తడుపవలసిన నేల విస్తారమై నీరు కొద్దియగుట యొకటి. మా యుద్యానమునందు ఈ మూడింటికిని సరియైన పోలిక యుండెను. గొట్టపుబావి నీరు ఉప్పన. స్థలము రెండు వార్డుల హద్దున నుండుటచే ఈ వార్డువారు ఆ వార్డుదనియు, ఆ వార్డువారు ఈ వార్డుదనియు చెప్పుచుండిరి. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల వాన కురియు సీమలో పచ్చిక పరచుట మూడవది. ఆరువందల యేబది యేండ్ల క్రిందటివారు ఎరిగిన సంగతులను మేము ఎరుగకపోతిమి. ఆ శాసనము సాధనములను లెక్కించునప్పుడు ధర్మపరుడైన ప్రభువును, జలశాస్త్రమెరిగిన విద్వాంసుని మాత్రమే చెప్పి యూరకుండలేదు. కట్టడపు పనిలో నేర్పరులైన జనులను కూడ చేర్చినది. మా యయిదుగురిలో పార పట్టినవాడు ఒక్కడును లేడు.

మరల మొదలుపెట్టవలయునని నిశ్చయమాయెను. ఈ మారు అందరిని అడిగి చేయుదమని రచ్చబండకడ సభ చాటించితిమి. సభకు వచ్చినవారెవరు? మరల మేమే. మాతోపాటు మావంటివారే మరి పదిమంది. స్త్రీలకు అది పొయ్యి రాజవేయు వేళ. బండల కార్ఖానాలలో పనిచేయువారు ఇంకను ఇండ్లకు చేరలేదు. పిల్లలు వచ్చిరి గాని, "పెద్దలు మాటలాడుచుండగా మీకేమి పని" యని మాలో నొకరు తరిమివైచిరి. ఎవరికొరకు సభ చేసితిమో వారినే తరిమితిమి! పెద్దలారా, ఈ యొక్క సంగతిని మీరు ప్రత్యేకముగా మనస్సునం దుంచుకొనవలయునని ప్రార్థించుచున్నాను. దండోరా వేయించి, నలుగురిని కూర్చుండబెట్టి, "ఎవరికైన అభ్యంతరమున్నదా?" యని యడిగి, ఎవరును పలుకకున్న అందరును అంగీకరించిరని వ్రాసికొనుట మనకు అలవాటు. పలుకనివారు అంగీకరించినవారని తలచుట పొరపాటు. పెక్కుమారులు వారు సభలోనే యుండరు.

కావున సభను కట్టిపెట్టి, చూచుట మొదలుపెట్టితిమి. ఏడు దినములు, వంతులవారీగా, తెల్లవారుజామున, మధ్యాహ్నమున, బడి విడిచిన వేళ, దీపములు పెట్టు వేళ, రాత్రి తొమ్మిది గంటలకు ఆ స్థలముకడ నిలిచి ఎవరు వచ్చుచున్నారో, ఎక్కడ నిలుచుచున్నారో వ్రాసికొంటిమి. చెప్పిన సులువుగా నున్నది గాని, ఎన్నడును కంటబడని సంగతులు అప్పుడు కంటబడినవి. మధ్యాహ్నమున బండలు మోయువారు కంచె వెలుపలనున్న వేపచెట్టు నీడన సద్ది విప్పుకొనుచుండిరి. లోపలి అరుగులు నాలుగును ఖాళీ. స్త్రీలు కొళాయినుండి బిందెలతో కంచె చుట్టును తిరిగి పోవుచుండిరి. పూర్వము ఆ నేలకు అడ్డముగా, ఈ కొననుండి ఆ కొనకు, కాలిబాట యొకటి యుండెనట. మా కంచె దానిని తెగగొట్టినది. నిండుబిందె నెత్తిన పెట్టుకొని దినమునకు నాలుగు మారులు ఆ చుట్టు తిరుగుటలోని శ్రమ పటము గీచినవానికి తెలియదు. చీకటిపడిన తరువాత వెనుకటి మూల ఎవరు చేరుచుండిరో చెప్పనేల. మరునాడు సీసాలు కానవచ్చెడివి.

తరువాత పిల్లల వంతు. వారిని వరుసగా నిలువబెట్టి, "మీకేమి కావలయును?" అని యడిగినయెడల అయ్యవారికి ఏ యుత్తరము ఇష్టమో దానినే చెప్పుదురు, ఆ విద్య మేము నేర్పినదే. అందుచేత ఒక పెద్ద బండను నేల పరచి, సుద్దముక్కలు చేతికిచ్చి, మేము దూరముగా పోయి కూర్చుంటిమి. ఒక గంటకు వచ్చి చూచితిమి. పట్టణపు పార్కులలోనుండు ఇనుప జారుడుబల్లను గీచినవారు ఇద్దరే. తక్కినవారు ఎక్కుటకు వీలైన కొమ్మలున్న చెట్టును, కోతికొమ్మచ్చి కొరకట; ఇసుకకుప్పను; బంతి కొట్టుటకు ఒక గోడను; బొంగరములకును గోలీలకును చదునైన గట్టినేలను గీచియుండిరి. ఒకడు మాత్రము ద్వారమును గీచి, దాని బీగమును కొట్టివేసియుండెను.

ఆడపిల్లలు ఆనాడు ఏమియు గీయలేదు. మగపిల్లలు సుద్దను వారి చేతికి రానిచ్చిన గదా! వారిని వేరుగా, బడిలోని ఉపాధ్యాయురాలి యెదుట అడిగించితిమి. పండ్రెండు పదుమూడేండ్ల బాలికలు చెప్పిన మాటలు మమ్ము ఆశ్చర్యపరచినవి. వారు ఉయ్యెలలు కోరలేదు. బాటనుండియు ఇండ్లనుండియు కనబడు చోటు కావలయుననిరి; చుట్టును పొదలు వలదనిరి. దీపము, మంచినీరు, మరుగుదొడ్డి కావలయుననిరి. క్రికెట్టు ఆడువారు నేలనంతను ఆక్రమించినయెడల తొక్కుడుబిళ్ళకైన తమకు చోటుండదనిరి. మేము అందమునకని పూలపొదలు పెంచదలచిన మూలయే వారికి భయము కలిగించు మూల.

ఇంకొక మాట యొక వృద్ధ ముసల్మాను చెప్పెను. పీర్ల పండుగనాడు గుండము త్రవ్వునది ఆ స్థలపు తూర్పుకొననే యట. కంచె వేసిన యేడు ప్రక్కవీధిలో ఇరుకున త్రవ్వుకొనిరి. మాతో ఒక్క మాటయు అనలేదు. ఎందుకు చెప్పలేదని యడిగితిని. "మీరు అడగలేదు గదా సామీ" అనెను. ఆ కొనను ముప్పది అడుగుల మేర ఏ చెట్టును ఏ కట్టడమును లేక బయలుగానే విడువవలయునని అప్పుడే వ్రాసికొంటిమి. జాతరలకును అదే పనికివచ్చును.

అందరును ఒక్కటే కోరుదురని భ్రమపడవలదు. తెల్లవారి నడచువారికిని క్రికెట్టు పడుచువాండ్రకును జరిగిన వాగ్వాదము రెండు రాత్రులు పట్టినది. మధ్యలో ఒకరు లేచిపోయిరి కూడ. తుదకు నేలను పంచుటకంటె వేళలను పంచుట మేలని తేలినది. ఉదయము ఏడువరకు నడచువారిది. బడి విడిచినది మొదలు ఆరుగంటలవరకు చిన్నపిల్లలదియు ఆడపిల్లలదియు. ఆదివారము క్రికెట్టు, గట్టిబంతి మాత్రము పనికిరాదు. ఈ యొప్పందమునకు మారుగా పడుచువాండ్రు మిగిలిన కంపను వేళ్లతో సహా పెకలించిరి. కూలికిచ్చినయెడల మా చందాలలో సగము దానికే పోయియుండును.

బీగము తీసితిమి. కాలిబాటను మరల తెరచితిమి. పచ్చికను విడిచి మట్టినేలను చదును చేయించితిమి. అరుగులను పెకలించి వేపచెట్టు క్రిందికి చేర్చితిమి; నీడన నున్నప్పుడు అదే నాపరాయి చల్లనిది. ఉప్పునీటికి ఓర్చునవి గనుక వేప, కానుగ నాటితిమి. ఒక్కొక్క చెట్టును ఒక్కొక్క యింటివారు తడుపవలయునని పంచుకొంటిమి. నా మూడు వాక్యముల బండను తలక్రిందుగా త్రిప్పి నేల పరచిరి. దానిపై బిళ్ళ యాడుచున్నారు.

ఇది మా వాడవారు కనుగొన్న క్రొత్త విద్య కాదు. డెన్మార్కు దేశమున సోరెన్సన్ అను ఉద్యానశిల్పి యొకడు తాను తీర్చిన ఆటస్థలములలో తప్ప తక్కిన చోట్లనెల్ల పిల్లలు ఆడుకొనుచుండుట చూచెను. దేశము జర్మనులచేత నాక్రమింపబడియున్న 1943 లో, కోపెన్హాగను నగరపు శివారున, అతని యాలోచనను బట్టి, పాతపలకలు, ఇటుకలు మొదలగువానితో పిల్లలే కట్టుకొని ఆడుకొను చోటొకటి యేర్పడెను. యుద్ధానంతరము 1947 లో హాలెండునందలి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున వాన్ ఐక్ అను పడుచు శిల్పి నగరపాలక సంస్థ పక్షమున ఒక చిన్న కూడలిలో ఆటస్థలమును తీర్చెను. ఇసుకగుంట, దుముకుటకు రాళ్లు, పల్టీలు కొట్టుటకు ఇనుపకడ్డీలు, అంతియే. దానిని చూచిన ఇరుగుపొరుగు వీధులవారు, మా వీధికిని అట్టిదొకటి కావలయునని నగరపాలక సంస్థకు జాబులు వ్రాయసాగిరి. జాబు వచ్చినచోటికి పోయి, ఖాళీగానున్న మూలలను చూచి, అచ్చటికి తగినట్లు పటము గీచుచుండిరి. 1978 నాటికి అట్టివి సుమారు ఏడువందలు ఏర్పడినవి. మనకు మిక్కిలి సమీపమున తెలంగాణ ప్రభుత్వము 2022 జూనునుండి ఊరూర క్రీడాప్రాంగణములను నెలకొల్ప పూనుకొనెను. ఉద్దేశము మెచ్చదగినది. కొన్ని యూళ్లలో అవి పనికివచ్చినవి. కొన్నిట ఊరికి దూరమై పిచ్చిమొక్కలు మొలచినవని పత్రికలు వ్రాసినవి. ఒక్కటే నమూనా అన్ని యూళ్లకును సరిపడునా యని నా సందేహము.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1993 నుండి అమలులోనున్న రాజ్యాంగ సవరణములలో 73 వది గ్రామసభకు స్థానము కల్పించినది. 74 వ సవరణముచే చేరిన పండ్రెండవ షెడ్యూలునందు ఉద్యానములు, ఆటస్థలములు పట్టణ స్థానిక సంస్థల కర్తవ్యములలో పేర్కొనబడినవి. ఆటలాడుట బాలల హక్కని ఐక్యరాజ్యసమితి 1989 లో అంగీకరించిన ఒడంబడికలో నున్నది. 1992 లో మన దేశమును దానిలో చేరినది. బెంగుళూరులో పార్కుకొరకు విడిచిన స్థలమును వైద్యశాల కట్టుటకు ఒక ట్రస్టునకు ఇచ్చినప్పుడు, ఆ వాడవారు న్యాయస్థానమునకు పోయిరి. అట్లిచ్చుట చెల్లదనియు, ఆ వాడవారికి అడుగు హక్కు కలదనియు సుప్రీంకోర్టు 1991 లో తీర్పు చెప్పెను. వైద్యశాల మంచిది కాదా యని మీరడుగవచ్చును. మంచిదే, అయినను పార్కునకని విడిచిన నేలపై కట్టరాదు. 2011 జనవరిలో పంజాబునందలి యొక యూరి చెరువును గూర్చిన వ్యాజ్యమున, గ్రామముల ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించుటకు ఏర్పాట్లు చేయవలయునని అదే న్యాయస్థానము అన్ని రాష్ట్రములను ఆదేశించెను. కావున మీ యూరి బయలు ఎంతయో, ఎక్కడినుండి ఎక్కడివరకో ముందుగా తెలిసికొనుడు. లేఅవుటు పటపు నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడిగి తెచ్చుకొనవచ్చును. కొలిపించి హద్దురాళ్లు పాతింపుడు. రాళ్లకు మన సీమలో కొదువ లేదు. పిమ్మటనే చెట్లమాట.

మా స్థలమున ఇంకను తీరనిది మరుగుదొడ్డి. ఆడపిల్లలు కోరినవానిలో దీపము వచ్చినది, మంచినీటి తొట్టి వచ్చినది, ఇది రాలేదు. దానిని శుభ్రపరచు వ్యయమును ఏ వార్డువారు భరింపవలయునను తగవు తెగలేదు. పోరుమామిళ్ల శాసనపు సరిహద్దు దోషము మమ్ము ఇంకను విడువలేదు. రెండు వార్డులవారును చేవ్రాళ్లు చేసిన విన్నపము నొకదానిని సిద్ధపరచితిమి. ఈ మారు దానిని నేను వ్రాయలేదు. తొమ్మిదవ తరగతి చదువు బాలికలిద్దరు వ్రాసిరి. నేను రెండు అక్షరదోషములను మాత్రము దిద్దితిని. వచ్చు ఆదివారము ప్రొద్దున, స్త్రీలకు తీరిక దొరకు పదిగంటల వేళ, వేపచెట్టు క్రింద సభ జరుగును. విన్నపమును ఆ బాలికలే చదివెదరు. కాలు విరిగిన బాలుడు ఇప్పుడు కఱ్ఱ లేక నడచుచున్నాడు. సభకు చాపలు పరచు పని వానిది.